ఓడినవాళ్లు తాగే ఆట

చేతిలో రాజు ముక్క ఉండగా మా చిన్నవాడు కావాలని రెండు వేసి ఓడిపోయాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో పిల్లలిద్దరూ పేక ఆడుకుంటున్నారు. చిన్న ముక్క వేసినవాడు మూతెడు నీళ్లు తాగాలి. ఆదివారాలు మా ఇంట్లో వాళ్ల నాన్న, స్నేహితులు మందు పెట్టుకుని ఆడే ఆట అది. పకోడీలు వేసి ఇచ్చేది నేనే.

"తాగినోడికే కదరా చప్పట్లు కొట్టేది!" అన్నాడు చిన్నవాడు వాళ్లన్నతో.

బస్సులో నలుగురు నవ్వారు. పక్క సీటులోని పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"నేనూ ఇట్టాగే కావాలని ఓడేవాణ్ణమ్మా. తాగుడు మానేసరికి ముసలాణ్ణయ్యా. వీళ్లతో ఒక్క ఆట ఆడనియ్యమ్మా, నీళ్లు లేకుండా," అన్నారు మెల్లగా.

"మీ పని మీరు చూసుకోండి," అన్నాను, సిగ్గుతో.

మేం నందిగామలో దిగేటప్పుడు ఆయనే మా సంచి అందించారు. నేను ఆయన ముఖం కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను: "నిన్న ఆ తాతయ్య మంచి మాటే చెప్పాడు. తప్పుగా మాట్లాడింది నేను. ఇక మనింట్లో ఆ ఆట ఉండదు. నాన్నకు నేనే చెప్తా."