గడ్డం ఆనించి విన్న గిటారు

నిన్న తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే గదికి ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని, తన కోసం కొన్న గిటారు తెచ్చారు. సంచీ జిప్పు తీయగానే పచ్చి జిగురు వాసన గుప్పుమంది. కొత్తది కదా అని ఆయన ముచ్చటపడ్డారు. నాకు మాత్రం ఏలూరులో వాద్యాలు బాగుచేసి అమ్మే మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఈ వాసన పట్టడం నేర్పింది ఆయనే.

నా ఇరవయ్యో ఏట నా దగ్గర ఎర్రగా మెరిసిపోయే గిటారొకటి ఉండేది. మాది మండవల్లి, ఇంటి చుట్టూ చేపల చెరువులే. వానాకాలంలో చెమ్మ తగలకూడదని, మేత బస్తాలను చుట్టినట్టే దాన్నీ ప్లాస్టిక్ పట్టాలో చుట్టి తాడు బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. నెల తర్వాత విప్పితే, తీగలను పట్టి ఉంచే చెక్క ఊడి చేతికొచ్చింది. మరో వారంలో తాడేపల్లిగూడెం బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికి వాయించి చూపించాలి. అది రాకపోతే ఇక సంగీతం మాట ఎత్తనని నాన్నకు మాటిచ్చి ఉన్నాను. దాన్ని పట్టుకుని ఏలూరు బస్సెక్కాను.

ప్లాస్టిక్ పట్టా సంగతి చెప్తే మస్తాన్ గారు నవ్వలేదు. "మేతకైతే సరేనండి. చెక్కలో ఉన్న చెమ్మ ఎటు పోద్దండి?" అన్నారంతే. బాగుచేసినా జిగురు ఆరడానికి వారం చాలదని చెప్పి, తక్కువ ధరవి ఆరు నా ముందు పెట్టారు. తళుకు చూసి మోసపోవద్దన్నారు. గిటారు మెడను కంటికి ఆనించి, పొలం గట్టు వంకర చూసినట్టు చూడమన్నారు. మధ్యలో గుండ్రటి కన్నం అంచున పొరలు విడిపోయాయేమో వేలితో తడమమన్నారు, లోపల జిగురు ఆరిందో లేదో వాసన చూడమన్నారు. తీగను పన్నెండో మెట్టు మీద నొక్కితే, నొక్కకుండా పలికిన స్వరమే పై స్థాయిలో తేడా లేకుండా పలకాలట. అలా నాలుగు పోయి రెండు మిగిలాయి. ఆయన ఒక్కోదాని అంచుకు గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని, తీగలు మీటి చూశారు. ఏది తీసుకోమంటారని అడిగాను.

"మీరే చెప్పాలండి. సన్నతీగ నాకు వినబడి రెండేళ్లయ్యింది. అదురు గడ్డానికి తగిలినంతే నాకు తెలుస్తుందండి."

ఉన్నదాన్ని చేజేతులా పాడుచేసుకున్న నన్నా అడుగుతున్నారు? రెండింటినీ మెట్టు మెట్టుకూ వాయించాను. నిగనిగలాడేదాంట్లో ఏడో మెట్టు దగ్గర సన్నతీగ జీరగా పలికింది. మచ్చపడి వెలవెలబోయినది శుభ్రంగా పలికింది. దాన్నే చూపించాను.

"నేనూ అదే అనుకున్నానండి. మీ మాట కోసం ఆగాను" అన్నారు. ఉద్యోగం ఆ గిటారుతోనే వచ్చింది. నా చెవిని నాకంటే ముందు నమ్మిన మనిషి ఆయన. ఆ రుణం నాతోనే ఉంది.

నా చెవులు ఇప్పటికీ భేషుగ్గా ఉన్నాయి. అయినా నిన్న ఆ కొత్త గిటారుకు గడ్డం ఆనించకుండా ఉండలేకపోయాను. మెడ తిన్నగానే ఉందని, జిగురు వాసన పోయేదాకా సంచీలో పెట్టొద్దని ఆ తండ్రికి చెప్పాను. ఇంతకీ మంచిదేనా అని ఆయన అడిగారు. గిటారును ఆయన కూతురి ఒళ్లో పెట్టాను.

"సన్నతీగ నువ్వు విని చెప్పమ్మా" అన్నాను.