సరోజక్క మళ్లీ లోపలికి వచ్చిన ఆదివారం

కొత్త బంతికి గాలి కొడుతుంటే రబ్బరు వాసన గుప్పుమంది. హోసూరులో మా ఇంటి మెట్ల మీద కూర్చుని పంపు నొక్కుతున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. గాలి చాలిందా అని బొటనవేలితో బంతిని నొక్కి చూశాను. కాయ మాగిందా లేదా అని మామిడికాయను నొక్కినట్టు అలా చూడడం నేర్పింది సరోజక్క. మీరు ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుండకపోవచ్చు. కంపెనీ బస్సు దిగే యాభైమందిలో, కాస్త కుంటుతూ అందరికన్నా చివర దిగే మనిషి.

ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఆమె లైన్ లీడరు, నేను డబ్బాలకు టేపు వేసే ఘనుణ్ణి. ఎనిమిదో తరగతి సగంలో బడీ నేనూ ఒకరికొకరు సెలవిచ్చుకున్నాం. "ఎంతవరకు చదివినావప్పా?" అని ఎవరైనా అడిగితే "బడి గేటు వరకు" అనేవాణ్ణి. నవ్వేవాళ్లు, ప్రశ్న అక్కడితో సరి. సరోజక్క కూడా నవ్వింది. నవ్వడం అయ్యాక, "సరే, ఎంతవరకు?" అని మళ్లీ అడిగింది. నాకు అర్జెంటుగా టేపు అయిపోయింది. తెచ్చుకోవడానికి స్టోరుకు పోయాను.

ఊళ్లో ఆదివారాలు డాడ్జ్‌బాల్ లీగు మొదలైనప్పుడు మా సెక్షన్ నుంచి టీము కట్టింది ఆమే. ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, మధ్యలో గీత. బంతి విసిరి కొట్టాలి. తగిలినవాడు అవుటై బయట వరసలో నిలబడాలి. అయితే అవతలివాడు విసిరిన బంతిని మనవాడు నేల తగలకముందే పట్టేస్తే విసిరినవాడు అవుట్, మన వరసలో మొదట నిలబడినవాళ్లు ఒకరు తిరిగి లోపలికి వస్తారు. పట్టబోయి జారవిడిస్తే మాత్రం మనమే అవుట్. ఆ భయానికి మా టీములో ఎవరమూ పట్టే జోలికి పోయేవాళ్లం కాదు. లీగు నడిపేవాళ్లు మమ్మల్ని మర్యాదగా "నేర్చుకుంటున్న టీము" అనేవాళ్లు. మేము నేర్చుకున్నది ఓడిపోవడం ఒక్కటే. అందులో మాకు సాటి లేదు.

సరోజక్కకు మోకాలు సరిగా వంగదు. అది కనిపెట్టి అవతలివాళ్లు కాళ్లకే కొట్టేవాళ్లు, ఆమె అందరికన్నా ముందు అవుటయ్యేది. నేనేమో చివరివరకు మిగిలేవాణ్ణి. ఒంగి, ఎగిరి, నడుము తిప్పి బంతుల్ని తప్పించుకుంటుంటే జనం ఈలలు వేసేవాళ్లు. ఒకరోజు అలాగే ఒంటరిగా చాలాసేపు గంతులేసి, చివరికి అవుటై, పళ్లికిలిస్తూ ఆమె దగ్గరికి పోయాను.

"చూసినావా అక్కా? ఆరుమందికీ నీళ్లు తాగించినాను."

"చూసినా. ఐదుమందిమి ఈడ నిలబడి నీ డాన్సే చూసినాము. టికెట్టు పెట్టింటే బాగుండు."

"చివరిదాకా మిగిలినాను కదా?"

"నువ్వు మిగిలితే మాకేమొచ్చిందప్పా? అన్ని బంతులు వచ్చినాయి, అన్నీ తప్పించుకున్నావు. ఒక్కటి పట్టింటే ఒకరన్నా లోపలికి వచ్చుందురు."

నాకు అర్జెంటుగా బంతులు ఏరే పని గుర్తొచ్చింది.

మరుసటి వారం ఆమె తన పుట్టినూరు కుందారపల్లి నుంచి సంచి నిండా మామిడికాయలు తెచ్చింది. చిన్నప్పుడు తోటల్లో కోతకు పోయేదట. చెట్టెక్కినవాడు కాయ కోసి వదిలితే కింద వీళ్లు పట్టుకోవాలి. నేలకు తగిలిన కాయ జ్యూసు ఫ్యాక్టరీకి, చేతికి చిక్కిన కాయ సంతకు. భోజనం వేళ క్యాంటీను వెనక నన్ను నిలబెట్టి ఒక్కొక్క కాయే విసిరింది. మొదటి మూడూ నేలపాలు చేశాను.

"దాన్ని ఆపాలని చూడొద్దు. కాయతో బాటు నీ చెయ్యి కూడా కొంచెం వెనక్కి పోవల్ల. పొట్టకు హత్తుకో."

"జారిపోతే?"

"ఊరగాయ పెడతాను. నీకే ఇస్తాను."

"జారితే నవ్వుతారక్కా."

"దినమంతా నవ్వించేటోడివి, నవ్వుకు నీకేం భయమప్పా?"

ఎందుకో అప్పుడు చెప్పేశాను. ఎనిమిదిలో బోర్డు దగ్గర లెక్క తప్పు చేస్తే క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వినాడు. మరుసటి రోజు నుంచి బడికి పోలేదు. అంతవరకు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సరోజక్క సంచిలోంచి ఇంకో కాయ తీసి, "పట్టు" అంది.

క్యాంటీను వెనక కాయలు పట్టడం వచ్చింది గానీ, ఆటలో మాత్రం తప్పించుకుంటూనే ఉండిపోయాను. రెండేళ్లకు ప్యాకింగు పని మిషన్లకు పోయింది. నన్ను స్టోరుకు మార్చారు, ఆమె సామల్పట్టికి, రైల్వే స్టేషను దగ్గర మొగుడు నడిపే టీకొట్టుకు పోవడానికి సిద్ధమైంది. చివరి ఆదివారం గ్రౌండుకు పోతూ బస్సులో కిటికీ వైపు చూస్తూ అంది: "ఇన్ని ఆటల్లో అవుటై బయటికి పోవడమే గానీ, ఒక్కసారన్నా తిరిగి లోపలికి పోలేదు. అదెట్లుంటుందో చూడల్లప్పా."

ఆ రోజూ మొదట అవుటైంది ఆమే, వరసలో మొదట నిలబడిందీ ఆమే. చివరికి ఇటు నేనొక్కణ్ణి, అటు ఇద్దరు. వాళ్లలో పొడుగాటివాడు బలంగా విసిరాడు. తప్పించుకోవడం నాకు కష్టం కాదు. పాదాలు అప్పటికే పక్కకు జరగబోతున్నాయి. వాటిని బలవంతాన ఆపాను. బంతి చేతుల్లో పడింది, చేతులు వెనక్కి పోయాయి, పొట్టకు హత్తుకుని కళ్లు మూసుకున్నాను. విజిలు వినబడింది. కళ్లు తెరిస్తే బంతి నా దగ్గరే ఉంది.

సరోజక్క చున్నీ నడుముకు బిగించి, కుంటుకుంటూ గీత దాటి లోపలికి వచ్చింది. "నువ్వు ఆడ నిలబడు, ఈడ నేను చూసుకుంటా" అని నాకు ఆర్డరు వేసింది. నిండా అర నిమిషం కాలేదు, మడమకు బంతి తగిలింది. నవ్వు ఆపుకోలేక, నడవలేక, గోడ పట్టుకుని బయటికి పోయింది. ఆ వెంటనే నేనూ అవుట్. ఆ ఆటా ఓడిపోయాం. ఆట అయ్యాక ఎర్రబడిన నా అరచేతుల్ని తిప్పి చూసి, "కాయకు దెబ్బ తగల్లేదు" అంది. నన్ను మెచ్చుకున్నది అంతే.

ఇప్పుడు ఆ టీముకు నేను కెప్టెన్ని. ఆదివారం సాయంత్రం సామల్పట్టికి ఫోను చేస్తాను. వెనకాల రైలు పోతున్న చప్పుడులో ఆమె గట్టిగా మాట్లాడుతుంది. గెలిచినారా అని ఎప్పుడూ అడగదు. "ఈ వారం ఎవర్ని లోపలికి తెచ్చినావప్పా?" అంటుంది. పేరు ఉంటే చెప్తాను. లేని వారాలూ ఉంటాయి. అప్పుడు నాలుక చివరికి జోకు రానే వస్తుంది. దాన్ని మింగేసి, "చెయ్యి జారిందక్కా" అంటాను.