కామెర్లని రాయలేదు

నా భార్య చనిపోయిన మూడో నెలలో నా సెలవులన్నీ అయిపోయాయి. పాపకు మూడేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలున్నాయి. అంతవరకు అంగన్‌వాడీలో చేర్చుకోరు. నేను చిత్తూరులో ఆఫీసుకు వెళ్లినప్పుడు పాపను చూసుకునే పక్కింటివాళ్లు వచ్చే వారాంతానికి ఇల్లు మారిపోతున్నారు. ఆదివారం వచ్చి పాపను పులికాట్ దగ్గర తమ ఊరికి తీసుకుపోతానని అత్తగారు ఫోన్ చేశారు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. కానీ తల్లి లేని పిల్లకు నేను నెలకోసారి వచ్చే చుట్టాన్ని కాదలచుకోలేదు.

భార్య లేని మగ ఉద్యోగికి కూడా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని జీవో ఉంది. ఆ కాగితం జతచేసి సోమవారం దరఖాస్తు పెట్టాను.

సూపరింటెండెంటు మంచివాడు. గొంతు తగ్గించి, "ఇది ఆడోళ్ల లీవప్పా. కామెర్లని రాయి, డాక్టరు సర్టిఫికెట్టు పెట్టు. ఈ పొద్దే సంతకం పెడతా," అన్నారు.

"నాకు కామెర్లు లేవు సార్."

"లేకుంటే ఏమి? పరువుగా ఉంటాది."

పక్క టేబుల్ దగ్గరి సీనియర్ అసిస్టెంటు నవ్వాడు. "లీవెందుకబ్బా, ఇంకో పెళ్లి చేసుకో. రిటైరయ్యేదాకా శాంక్షనే!"

ఒకప్పుడైతే ఆ మాట నేనే అనేవాణ్ణి. పాప పుట్టినప్పుడు తండ్రిగా నాకు రావలసిన సెలవు కూడా, నవ్వుతారని, అడగలేదు. ఆ రోజులన్నీ ఆమె ఒక్కతే మేలుకుంది.

"బిడ్డను సాకేది జబ్బు కాదు సార్. ఉండేదే రాసినాను," అన్నాను.

ఫైలు పైకి వెళ్లి, బుధవారం ఒక ప్రశ్నతో తిరిగి వచ్చింది: 'ఇంట్లో చూసుకునేందుకు ఎవరూ లేరా?' దాని కిందే రాశాను: 'నేను ఉన్నాను.'

శుక్రవారం సాయంత్రం ఆర్డరు వచ్చింది. రెండు నెలలు. కారణం నేను రాసినట్టే ఉంది.

ఆదివారం అత్తగారు పాప బట్టలకని ఖాళీ సంచి తెచ్చారు. ఆర్డరు చదివి వినిపించాను.

"కాగితం సరే నాయనా. అన్నం ఎవరు పెడతారు?"

"నేనే అత్తా."

"పెట్టు, సూస్తా."

పప్పన్నం కలిపాను. పాప మొదటి ముద్ద ఉమ్మేసింది. రెండోది బుగ్గన పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. నేను గిన్నె పట్టుకుని వెనకే తిరిగాను. గిన్నె ఖాళీ కావడానికి ముప్పావు గంట పట్టింది.

"ఇంతసేపు బిడ్డ ఎనకాల తిరిగిన మగోణ్ణి నేను యాడా సూళ్లేదు," అన్నారు అత్తగారు. సంచి మడిచి చంకన పెట్టుకుని, నాలుగు గంటల బస్సుకు ఒక్కరే వెళ్లిపోయారు.