బిస్కెట్ల కంపెనీ ఓనరు అక్కయమ్మ

అక్కయమ్మకు ఉన్న జబ్బు ఒక్కటే. ఒక కంపెనీలో ఇరవై షేర్లు కొని, ఆ కంపెనీ మొత్తం తనదే అనుకునేది. ఆ జబ్బు అంటించినవాణ్ణి నేనే.

1960లో నేను మైసూరు రాష్ట్రంలోని చింతామణిలో బ్యాంకు గుమాస్తాని. ఆమె ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాణ్ణి. మూడు బర్రెల పాలమ్మి సంసారం ఈదిన మనిషి ఆమె. ఒకరోజు పొద్దున్నే పాలచెంబుతో వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

“ఏమప్పా, మీ బ్యాంకులో బెంగుళూరు బిస్కెట్ల కంపెనీ ఫారాలు ఇస్తాండారంట. షేరంటే ఏమి?”

“కంపెనీని చిన్న చిన్న భాగాలు చేసి అమ్ముతారమ్మా. లాభమొస్తే మనకూ పంచుతారు, దాన్ని డివిడెండు అంటారు. లాభం లేకపోతే ఏమీ రాదు. షేరు ధర పెరగొచ్చు, పడనూ వచ్చు. ఇంటిఖర్చు డబ్బు మాత్రం అందులో పెట్టకూడదు.”

“భాగం కొంటే నేనేమైతాను?”

“మీరూ ఒక ఓనరే,” అన్నాను. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

సంగతి తెలిసి ఆమె అన్న మునివెంకటప్ప ఇంటిమీదికొచ్చాడు.

“ఇది జూదం! ఆడదానికి షేర్లేల? ఆ దుడ్డుతో ఇంకో బర్రెను కొను.”

“మూడు బర్రెల్ని కొంటి. ఒక్కదానికీ నిన్ను అడగలేదు. దీనికేల అడగల్ల?”

రెండు బర్రెల పాలమీద మిగిల్చిన రెండువందలూ షేర్లలో పెట్టింది. మూడో బర్రె జోలికి పోలేదు. అది ఇంటిఖర్చుదట.

షేరు కాగితం చేతికొచ్చిన మర్నాటి నుంచి ఊళ్ళో అంగళ్ళవాళ్ళకు నిద్ర లేదు.

“ఈరప్పా! మన బిస్కెట్ల డబ్బా ఎండలో పెట్టినావే?”

“అది ఖాళీ డబ్బామ్మా!”

“ఖాళీదైతే ఏమి? దానిమీద పేరు మనది కాదా?”

బాగేపల్లిలో చుట్టాలు మర్యాదకు వేరే కంపెనీ బిస్కెట్లు పెడితే పళ్ళెం అవతలికి నెట్టేసింది. “నేను తినకూడదు. తెలిస్తే మిగతా ఓనర్లు ఏమనుకుంటారు?” అంది. మిగతా ఓనర్లు నాలుగువేల మంది. వాళ్ళలో ఒక్కరూ ఆమెకు తెలియదు.

రెండేళ్ళకు పదిరూపాయల షేరు ఆరుకు పడింది. మునివెంకటప్ప పేపరు పట్టుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు.

“అమ్మేయ్. ఆ ఆరన్నా దక్కుతాది.”

అమ్మేస్తేనే మంచిదేమో అని నేనూ అన్నాను. ఆమె ఇద్దరినీ ఎగాదిగా చూసి, బర్రెలకు మేత వేయమని మాకు చెప్పి, చిన్నరైలెక్కి బెంగుళూరు పోయింది. మర్నాడు దిగింది.

“ఫ్యాక్టరీ లోపలికి పోయి చూస్తిని. పొగ్గొట్టంలో పొగ వస్తాండాది. లారీలు నిండుగా పోతాండాయి. పడింది ధరప్పా, కంపెనీ కాదు. అమ్మను.”

“లోపలికి ఎట్లా పోనిచ్చారమ్మా?”

“గేటు కాడోడు ఎవరని అడిగె. ఓనర్ని అంటిని. నవ్వె. కాగితం చూపిస్తిని. నవ్వు ఆపె.”

ఆ తర్వాత మరో రెండుసార్లు ఆ ‘తనిఖీ’కి పోయొచ్చింది. ఓనరు దర్జా చూపించడానికి పోతోందని మేము నవ్వుకున్నాం.

మరుసటి ఏడు కంపెనీ వార్షిక సభకు పిలుపొచ్చింది. మునివెంకటప్ప నన్ను తోడు పంపాడు. “ఆమెను నోరు తెరవనియ్యద్దప్పా, మర్యాద పోతాది,” అని మరీ చెప్పాడు.

హాలు నిండా కోట్లు, టోపీలు. కాఫీ తాగి అక్కయమ్మ లేచింది. కూర్చోమని సైగ చేశాను. చూడనట్టే నటించింది.

“ప్రశ్నలు ముందే రాసి పంపాలమ్మా,” అన్నాడు చైర్మన్ కన్నడంలో.

“నాకు రాయను రాదు సామీ. అడగను వస్తాది.”

హాలంతా గొల్లుమంది. ఆమె ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడి, తర్వాత అడిగింది.

“మన ఫ్యాక్టరీకి మూడుతూర్లు పోయినాను. డబ్బాలు నింపే ఆడోళ్ళు పొద్దున నుంచి సాయంత్రందాకా నిలబడే ఉంటారు. చెన్నమ్మ అని ఒకామె, ఏడునెలల కడుపుతో ఉండె, ఆయమ్మా నిలబడే ఉండాది. వాళ్ళకు బెంచీలు ఏల లేవు?”

ఇంటికొచ్చి పొగ గురించి చెప్పింది గానీ ఈ సంగతి ఒక్కనాడూ చెప్పలేదు.

బెంచీలు వేస్తే బల్లలూ మార్చాలనీ, ఖర్చు పెరుగుతుందనీ, లాభం తగ్గుతుందనీ చైర్మన్ ఓపిగ్గా వివరించాడు. “మీ డివిడెండే తగ్గుతుందమ్మా,” అన్నాడు చివరికి.

“తగ్గనీ! నా ఇంటికి పనికి వచ్చినోళ్ళను నేను నిలబెట్టను. ఇదీ నా ఇల్లే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి ఒక ముసలాయన చెయ్యెత్తి, “నాదీ తగ్గనివ్వండి,” అన్నాడు. ఇంకో చెయ్యి లేచింది. తర్వాత మరో నాలుగు. చైర్మన్ మంచినీళ్ళు తాగి, రాసుకోమని గుమాస్తాకు చెప్పాడు.

తిరుగు రైల్లో అడిగాను. “ఇదంతా నాకు చెప్పలేదేమమ్మా?”

“నువ్వు ఓనరు కాదు కదప్పా!”

మరుసటేడు డివిడెండు నిజంగానే తగ్గింది. మునివెంకటప్పకు పండగే.

“చూస్తివా, తగ్గె! ఆ దుడ్డంతా యాడ పోయింది?”

అక్కయమ్మ బర్రె కింద నుంచి తలెత్తకుండానే చెప్పింది.

“యాడికీ పోలేదన్నా. బెంగుళూరులో హాయిగా కూర్చోనుండాది.”