గురుమూర్తి సార్ గైడులో నాన్న

మా కాలేజీలో ఫ్రెంచి చెప్పే గురుమూర్తి సార్ ఫ్రాన్సు మొహం చూసి ఎరగరు. ఆయన దాటిన మహాసముద్రమల్లా మా ఊరి సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్కే. ఈ మాట ఆయన ముందే ఎన్నోసార్లు అన్నాను. లెక్కలు చెప్పేదాన్ని, నాకు నోరు కాస్త ఎక్కువ. ఆయన నవ్వి, "మీరు మాత్రం అనంతాన్ని చూసొచ్చి చెప్తా ఉండారా, వరూధిని మేడమ్?" అనేవారు.

ఈ ఊళ్ళో పి.యు. అంటే మన ఇంటర్. రెండో భాషగా తెలుగో కన్నడమో రాసేకంటే ఫ్రెంచి రాస్తే మార్కులు దండిగా పడతాయని తల్లిదండ్రుల నమ్మకం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ నమ్మకం వమ్ముకాకుండా కాపాడింది సార్ గైడు. ఇరవై వ్యాసాలు, కామాతో సహా బట్టీ పట్టాలి. అందులో 'మా నాన్న' అనే వ్యాసం మా స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. నాన్న ఇంజనీరు. ఆరోగ్యంగా, హుషారుగా ఉంటాడు. ఆదివారం ఇంటిల్లిపాదీ తోటలో కూర్చుని భోంచేస్తారు. పిల్లవాడి తండ్రి కొళాయిలు బాగుచేసేవాడైనా, బట్టల కొట్టువాడైనా, ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఇంజనీరైపోవలసిందే. "మీ పిల్లలందరికీ ఒకడే తండ్రా సార్?" అని ఏడిపించేదాన్ని.

పోయినేడు సహన వచ్చింది. మడివాళ పేటలో ఉండే పిల్ల. తండ్రి మునిరాజు మార్కెట్‌కి టమాటాల టెంపో తోలేవాడు. కాలేజీలో మామూలు ఫ్రెంచి కాక, పైస్థాయి సర్టిఫికెట్ పరీక్ష ఒకటి ఉంది. దానికి బయటి పరీక్షకులొచ్చి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఆ ఏడు దానికి కట్టింది సహన ఒక్కతే. అది పాసైతే ఫ్రెంచి వాళ్ళతో పనులుండే వైట్‌ఫీల్డ్ కంపెనీలో ఉద్యోగానికి దారి దొరుకుతుందని ఆమె ఆశ. సార్ ఆశ వేరు. బట్టీ కాకుండా, తన మనసులో మాట ఫ్రెంచిలో చెప్పగలిగే విద్యార్థి ఆయనకు అంతవరకు ఒక్కరూ దొరకలేదు. ఈ పిల్ల బస్సులో ఫ్రెంచి పేపరు చదువుకుంటూ వచ్చి, ఆయనతో ఆ భాషలోనే వాదం పెట్టుకునేది. ఆమె క్లాసుకి వెళ్ళేముందు సార్ రెండుసార్లు తల దువ్వుకోవడం నేను చూశాను.

జనవరిలో మునిరాజు పోయాడు. పన్నెండు రోజుల తర్వాత కాలేజీకి వచ్చిన సహన తిన్నగా స్టాఫ్ రూముకే వచ్చింది.

"సార్, నోటి పరీక్షలో ఇష్టమైన మనిషిని గురించి చెప్పమంటారు కదా. నేను మా నాయన గురించి చెప్తాను. గైడులో నాయన కాదు, మా నాయన."

సార్ మొదట ఒప్పుకోలేదు. "ఏడుపొస్తే మాట ఆగిపోతాదమ్మా. ఆగితే మార్కులు పోతాయి."

"పోనీ సార్. ఆయప్ప గురించి ఎవరికన్నా చెప్పల్ల నేను."

ఇద్దరూ కలిసి ఆరు వారాలు ఒక్క పేజీ రాశారు. టమాటా క్రేటుకి, టెంపో వెనక తలుపుకి ఆ భాషలో ఏమంటారో సార్‌కే తెలియదు. డిక్షనరీ ముందేసుకుని కూర్చునేవారు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఏడిపించడం కూడా మానేశాను.

పరీక్ష రోజు ఇద్దరం ఆ పిల్లతో గది దాకా వెళ్ళాం. పేరు పిలిచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! సార్ ఆమె భుజం తట్టి, "ఎక్కడన్నా అడ్డం పడితే గైడు అందుకో తల్లీ. ఏమైనా సరే, ఆగొద్దు" అన్నారు. సహన తలూపి లోపలికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

నెలకి ఫలితాలొచ్చాయి. నోటి పరీక్షలో ఇరవై అయిదుకి ఇరవై నాలుగు. 'ఎక్కడా తడబడలేదు, ముచ్చటైన కుటుంబం' అని పరీక్షకురాలు రాసింది. ప్రిన్సిపాల్ స్వీట్లు తెప్పించారు. సహన ముట్టలేదు.

"నాయన పోయిన కాడికి వచ్చేసరికి మాట అడ్డం పడింది సార్" అంది. "ఆమె నా మొగమే చూస్తా ఉండాది. మీ మాట గుర్తొచ్చింది. గైడు అందుకుంటి. మా నాయన ఇంజనీరు, బాగుండాడు, ఆదివారం తోటలో అన్నం తింటామని గడగడా చెప్పేస్తి. ఆమె నవ్వింది." బ్యాగు తెరిచింది. "మీరు చెప్పినట్లే చేస్తిని సార్. ఆగలే."

బ్యాగులోంచి ఆ పేజీ తీసి ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లోనే పని చేస్తోంది. మళ్ళీ కాలేజీకి రాలేదు. సార్ జూన్‌లో మళ్ళీ అదే గైడు చెప్పారు. పిల్లలకి మార్కులు కావాలి, చెప్పక ఏం చేస్తారు? 'మా నాన్న' వ్యాసం వచ్చినప్పుడు మాత్రం, మీరే చదువుకోండని చెప్పి వరండాలోకి వచ్చేశారు.

ఆ పేజీ ఆయన హాజరు పట్టీలో ఉంటుంది. అందులో ఏముందని ఒకరోజు అడిగాను. ముందు ఫ్రెంచిలో చదివారు, తర్వాత నా కోసం తెలుగులో చెప్పారు.

"మా నాయన పేరు మునిరాజు. టమాటాల బండి తోలతాడు. మెత్తబడిన పళ్ళు ఏరి మా ఇంటికి తెస్తాడు, మంచివి అమ్మడానికని. నేను ఫ్రెంచి చదువుతా ఉంటే అర్థం కాకపోయినా పక్కన కూర్చుని వింటాడు. జనవరిలో ఒక పొద్దున బండి దిగి, తలుపు పట్టుకుని కూర్చుండిపోయాడు..."

సార్ అక్కడ ఆగిపోయారు.