నాయనమ్మ ముట్టనియ్యని ఆకు

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద చవితికి పత్రి అమ్ముతుంటే, ప్లాస్టిక్ కవర్ల మగ్గిన ఆ పచ్చివాసన ముక్కుకు తగలంగనే నాకు భక్తి పుట్టదు, మా బాబాయి మీద ఒళ్లు మండుతది.

నా చిన్నప్పుడు ఇక్కడనే మైత్రీవనం వెనకాల మా ఇల్లు, పక్కన ఖాళీ ప్లాటు. వానలు పడంగనే అందుల గరిక, ఉత్తరేణి, తెల్లపూల ఉమ్మెత్త మోకాలెత్తు పెరిగేటివి. చవితి పొద్దున నాయనమ్మ పత్రి తెంపుతుంటే నేను పళ్లెం పట్టుకొని వెంట తిరిగేదాన్ని. ఉమ్మెత్త దగ్గరికి రాంగనే నన్ను దూరం నిలబెట్టి, కొంగు చేతికి చుట్టుకొని రెండాకులు తెంపేది, చేతులు సబ్బుతోని రుద్ది కడుక్కున్నాకనే ఉండ్రాళ్ల పిండి ముట్టేది. మోకాళ్లు వాస్తే అదే ఆకు వెచ్చజేసి కట్టుకునేది. "దేవునికి పెట్టాలె, నొప్పికి కట్టాలె, నోట్ల మాత్రం పెట్టద్దు బిడ్డా" అని నాకు, బాబాయికి సుత చెప్పేది.

బాబాయికి ఇదంతా మూఢనమ్మకం. మూన్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసిన మేధావి కదా! ఇరవయ్యొక్క పత్రులూ మెదడుకు మందేనని ఎవరో పంపిన ఈమెయిల్‌ను ఇంటర్నెట్ సెంటర్ల ప్రింటు తీయించుకొచ్చి, ఒక యేడాది చవితి అయిన తెల్లారి నాయనమ్మ గుడికి పోయిన టైం చూసుకొని, దేవుని ముందర పెట్టిన పత్రినంత తీసి గిన్నెల వేసి ఉడకబెట్టిండు. చేదని తాను ఒక్క గుక్కతోనే ఆపిండు. పైగదిల కిరాయికుండే గుంటూరు పిల్లగాడు రవికి మాత్రం గ్లాసు నిండ పోసిండు. రవికి ఆ మధ్యాహ్నమే ఉద్యోగం ఇంటర్వ్యూ. "జ్ఞాపకశక్తికాండీ? థాంక్సండీ" అని తాగేసిండు పాపం.

గంటకు రవి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గోడతోని ఇంటర్వ్యూ మొదలుపెట్టిండు. "కూర్చోవచ్చా సార్?" అంటడు, లేని కాగితాలు గాలిలకెళ్లి ఏరుకుంటడు, మొహం ఎర్రగ కాలిపోతున్నది. చచ్చిపోతడేమోనని నాకు ఏడుపు. బాబాయి కషాయం ఊసే ఎత్తకుండ, "చదివి చదివి పిచ్చిలేసింది, ఎర్రగడ్డ పిచ్చి దవఖానకు తీస్కపోదాం" అని ఆటో పిలిచిండు. సిగ్గులేని మనిషి!

అప్పుడే వచ్చిన నాయనమ్మ రవి పెద్దగైన కనుపాపలు చూసింది, పొయ్యి మీద గిన్నె చూసింది. "పిచ్చి గాదురా, ఉమ్మెత్త! పెద్ద దవఖానకు నడువు, డాక్టర్‌కు గీ గిన్నె సుత చూపియ్యాలె" అని గిన్నె పట్టుకొని తానే ఆటో ఎక్కింది. మూడోరోజుకు రవి మనిషయ్యిండు. ఇంటర్వ్యూ పోయింది, గది ఖాళీ చేసి ఊరికి పోయిండు.

ఇప్పుడు ఆ ప్లాటుల హాస్టల్ లేచింది, నాయనమ్మ లేదు. మెట్రో మెట్ల కింద, ఈ కవర్ల ఉమ్మెత్త ఏ ఆకని అడిగితే "అన్నీ ఒకటే మేడం" అంటడు అమ్మేటాయన. బాబాయి పంజగుట్టల మూలికల పొడి దుకాణం పెట్టిండు. డబ్బా మీద నాయనమ్మ ఫోటో, దాని కింద "మా అమ్మ చెప్పిన మందు, రోజూ తాగండి" అని. ఆమె వానికి చెప్పింది ఒక్కటే, తాగద్దని.