సందులో ఎర్ర దీపం

దెయ్యాల కథలు అల్లి కాలనీలో సగం మందిని బెదరగొట్టింది నేనే. అల్లేవాడు నమ్ముతాడా? మిఠాయి కొట్టువాడు తన లడ్డు తానే తింటాడా?

ఇది మాత్రం అల్లింది కాదు. బొగ్గింజన్ల రోజులు. ఐదో తరగతితో బడికీ నాకూ పొత్తు చెడి, నెల్లూరు దగ్గర రైలు షెడ్డులో బొగ్గెత్తే పనిలో చేరినాను.

మా అక్క ఆసుపత్రిలో ఆయా. బావ పోయినాక ఇద్దరు పిల్లలకి కూడు పెట్టింది ఆ ఉద్యోగమే. సాయంత్రం పార్కు వెనక సందులోంచి ఇంటికి రావాల. సందుకి ఒకపక్క పార్కు కంచె, ఇంకోపక్క మా ఇళ్ళ పెరటి తలుపులు. దీపస్తంభం లేదు. పార్కులో పేకాడే పోకిరీలు ఆడవాళ్ళ కొంగులు లాగడం మొదలుపెట్టినారు. అమ్మ ఉద్యోగం మానెయ్యమని పోరుపెట్టింది.

పక్కింటి రవణమ్మత్త ఒప్పుకోలేదు. "అది మానేదేందే? చీకటే మానాల," అనింది. ఆమె మాట మీద ఇంటింటా పెరటి తలుపుకి లాంతరు కట్టినాము. ఆడవాళ్ళంతా ఇళ్ళు చేరేదాకా తలుపులు మూయకూడదని కట్టడి. సందు పెళ్ళిపందిరి మాదిరి వెలిగింది. చివర తాళమేసిన ఇల్లొకటే చీకటి. దాని ముందర గోరింటాకు పొద.

ఒక ముసురు సాయంత్రం అక్క వస్తా ఉంటే ఆ ఇంటి తలుపు దగ్గర ఎర్ర దీపం కనబడింది. మా నాయన రైలు గార్డు. ఎర్ర దీపం చూస్తే ముందు ఆగాల, ఎందుకని తర్వాత అడగాలని మాకు ఉగ్గుపాలతో రంగరించి పోసినాడు. అక్క ఆగింది. ఆగి, "ఎవుర్రా ఎర్ర దీపం చూపించేది?" అని గట్టిగా అరిచింది.

తలుపుల్లోంచి జనం బయటికొచ్చినారు. పొద వెనక నక్కిన ఇద్దరు పోకిరీలు లేచి కంచె దూకినారు. రవణమ్మత్త అట్లకాడ పట్టుకుని పార్కు గేటు దాకా తరిమింది. మళ్ళీ వాళ్ళు ఆ ఛాయలకి రాలేదు.

షెడ్డు నుంచి నేను అప్పుడే వచ్చినాను. అక్క నా చెవి పట్టుకుంది. "నీ పనే కదరా?"

"నా ఒంటి మీద మసి చూడక్కా, కడుక్కోను కూడా లేదు!"

నమ్మితే ఒట్టు. కోతలు కోసేవాడి నిజానికి విలువేముంది?

అందరం ఆ తలుపు దగ్గరికి పోయి చూసినాము. దీపం లేదు. తాళం తుప్పుపట్టి ఉంది. తలుపుకి అడ్డంగా సాలెగూడు, తెగలేదు. గుమ్మం ముందు గడ్డి నలగలేదు. ఎర్ర వెలుగుని రవణమ్మత్త కూడా గోడ మీద చూసింది. మా లాంతర్లన్నీ తెల్లద్దాలవే. నాయన ఎర్ర దీపం ఆ పూట ఆయనతోపాటే బండి మీద ఉంది.

మర్నాటి నుంచి ఆ ఇంటికీ లాంతరు పెట్టినాము, వంతులేసుకుని. పిల్లలు పార్కులో చీకటి పడేదాకా ఆడుకున్నారు. అక్క ఉద్యోగం నిలిచింది.

ఆ దీపం నాదేనని అక్క ఇప్పటికీ అంటుంది. ఒప్పేసుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడు కనీసం అది ఎవరిదో తెలిసినట్టుంటుంది.